ఎప్‌వర్త్ సమాధి నుంచి మెదక్ గోపురం దాకా

చైతన్యపురివాళ్లకు విక్టోరియా రాణి రోజూ చెవిన పడే పేరే. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మా స్టేషన్ కంటే ముందు వచ్చేది విక్టోరియా మెమోరియల్. 1901లో రాణి పోయాక ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆమె జ్ఞాపకార్థం సరూర్‌నగర్‌లో పెట్టించిన అనాథాశ్రమం పేరది. వీఎం హోమ్ అంటే ఏ ఆటోవాలాకైనా తెలుస్తుంది. ఇటు దిల్‌సుఖ్‌నగర్ దాటితే మూసారాంబాగ్. నిజాం కొలువులో చేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు జనం నోళ్లలో నలిగి అలా మిగిలింది. ఆయన సమాధి ఇప్పటికీ ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. రాణీ సేనానీ సరే. ఆ దేశాల పల్లెటూళ్లు, అక్కడి గుళ్లు, గుళ్లలో తగాదాలు మన దాకా ఏమైనా వచ్చాయా అంటే మాత్రం మెట్రో ఎక్కితే సరిపోదు. మెదక్ పోవాలి.

నన్ను తీసుకెళ్లినాయన మా కాలనీ సారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పొద్దున్నే ఇద్దరం మూసీ వైపు ఫణిగిరి గుట్ట దాకా నడుస్తాం. గుట్ట మీద కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది, అక్కడి రాతి మీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండిన గోవిందవర్మ కాలానిదని పండితులు తేల్చారు. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం గురించి, భిక్షాన్నం మీద బతికే భిక్షువుల గురించి అందులో ఉంది. పదిహేను వందల ఏళ్లకు పైబడిన రాత, చుట్టూ కాలనీలు, కింద మూసీ వాసన. చైతన్యపురికి చరిత్ర ఏముంది, నిన్నమొన్న వెలసిన కాలనీయే కదా అనేవాళ్లను సారు ముందుగా ఈ రాయి దగ్గరికే తీసుకెళతారు. అక్కడ కూర్చున్నప్పుడే ఆయనకు ఫోన్లో ఎప్‌వర్త్ ఫొటోలు చూపించాను. చర్చి గోడ పక్కన నేలకు కొంచెం ఎత్తుగా ఉన్న ఒక సమాధి దగ్గర ఆయన వేలు ఆగింది.

"గిది వెస్లీ నాయిన సమాధి గదా? దీని మీద నిలబడే గదా ఆయన ప్రసంగం చెప్పింది?"

"అవును సార్. మీకెలా తెలుసు?"

"మాకు సండేస్కూల్లనే చెప్పిండ్రు తమ్మీ. ఆ గుడి తలుపు మూసుకుంటేనే మా మెదక్ గుడి లేసింది. నడువ్, చూపిస్త."

ఆ తలుపు సంగతి ముందు చెప్పాలి.

ఎప్‌వర్త్ ఇంగ్లండులో లింకన్‌షైర్‌లో ఉన్న చిన్న ఊరు. మా అబ్బాయి షెఫీల్డులో ఉద్యోగం చేస్తుండగా చూసివచ్చాను. చుట్టుపక్కల నేలంతా నల్లగా, చాప పరిచినంత చదునుగా ఉంటుంది. ఒకప్పుడు అదంతా చిత్తడి. పదిహేడో శతాబ్దంలో వర్మూడెన్ అనే డచ్చి ఇంజినీరు కాలవలు తవ్వించి నీళ్లు మళ్లించాడు. చేపలు పట్టుకుని, పశువుల్ని మేపుకుని బతికే జనానికి ఆ పని మింగుడుపడలేదు, తరాల తరబడి గొడవలు నడిచాయి. ఊరి పక్క ఎత్తు మీద సెయింట్ ఆండ్రూస్ చర్చి. ఇంగ్లండులో పల్లె చర్చి అంటే ఊరి కరణం దస్త్రమే. ఎవరు పుట్టారో, ఎవరికి పెళ్లయిందో, ఎవరు పోయారో చర్చి పుస్తకంలో రాయాలని 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చాడు. ఆనాటి నుంచి పుస్తకాలు దాచుకున్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఏ పాత చర్చిలోకి వెళ్లినా ఒక గోడకు పలక ఉంటుంది, వందల ఏళ్లుగా అక్కడ పనిచేసిన పాదిరీల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. ఇంకో గోడ మీద యుద్ధాల్లో చచ్చిపోయిన ఆ ఊరి కుర్రాళ్ల పేర్లు. ఇరవై ఇళ్లున్న ఊళ్లోనూ ఏడెనిమిది పేర్లు కనిపిస్తాయి. మోకరించడానికి ఊరి ఆడవాళ్లు ఎంబ్రాయిడరీ చేసిన దిండ్లు, ఈ ఆదివారం పూలు ఎవరు పెట్టాలో రాసిన కాగితం, బల్ల మీద చర్చి చరిత్ర చెప్పే చిన్న పుస్తకం, పక్కన డబ్బులేసే డబ్బా. డబ్బా దగ్గర మనిషి ఉండడు. మనసుంటే వేస్తాం, లేకపోతే లేదు.

ఎప్‌వర్త్ చర్చికి శామ్యూల్ వెస్లీ దాదాపు నలభై ఏళ్లు పాదిరీ. మనిషి చదువరి, కానీ మాట కటువు, మెడ నిండా అప్పులు, ఊళ్లో సగం మందికి పడదు. 1709 ఫిబ్రవరి 9 రాత్రి ఆయన ఉండే ఇల్లు తగలబడింది. ఊరివాళ్లే అంటించారని అనుమానం. పిల్లలందరూ బయటపడ్డారు, ఐదేళ్ల జాన్ ఒక్కడు మేడ మీద కిటికీ దగ్గర చిక్కుకుపోయాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేక ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి పిల్లవాణ్ని కిందికి దింపారు. తరవాత ఇటుకలతో కట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆ వంటగదిలో నేను చాలాసేపు నిలబడ్డాను. జాన్ తల్లి సుసానా పంతొమ్మిది కాన్పుల ఇల్లాలు. 1711 చలికాలంలో భర్త లండన్‌లో ఉంటే ఆదివారం సాయంత్రాలు పిల్లలకు ఇంట్లోనే ప్రార్థన చెప్పేది. పనివాళ్లు వచ్చి కూర్చున్నారు, తరవాత ఇరుగుపొరుగు, చివరికి రెండు వందల మందిదాకా. గుడిలో ప్రసంగం చెప్పే చిన్న పాదిరీకి ఒళ్లు మండి లండన్‌కు ఉత్తరం రాశాడు. మానెయ్యమని భర్త రాస్తే, సలహాగా చెబితే కాదు, ఆజ్ఞగా ఇవ్వండి, రేపు దేవుడి ముందు జవాబు మీరే చెప్పుకోండి అన్న అర్థంలో సుసానా తిరుగు జాబు రాసింది. ఆయన మళ్లీ నోరెత్తలేదు.

ఆ కొడుకు ఆక్స్‌ఫర్డులో చదివి, తనూ పాదిరీ అయి, బొగ్గు గనుల దగ్గర, సంతల్లో, ఆరుబయట పొలాల్లో ప్రసంగాలు చెబుతూ తిరిగాడు. మర్యాదస్తులకు అది నచ్చలేదు. 1742 జూన్‌లో సొంత ఊరు వచ్చి, తండ్రి ప్రసంగించిన వేదిక మీద మాట్లాడతానంటే అక్కడి పాదిరీ కుదరదన్నాడు. చర్చి ఆవరణలో తండ్రి సమాధి ఉంది. ఆ సాయంత్రం జాన్ దాని మీద ఎక్కి నిలబడ్డాడు. చర్చి లోపల పట్టేవాళ్ల కంటే ఎక్కువమంది బయట పోగయ్యారు. వరసగా కొన్ని సాయంత్రాలు అలాగే జరిగింది. చనిపోయిన తండ్రి రాయిని ఎవరూ కాదనలేరు కదా.

అలా ఆయన వెంట నడిచినవాళ్లకే మెథడిస్టులని పేరు. జాన్ మటుకు చచ్చేదాకా పాత చర్చి పాదిరీగానే ఉన్నాడు, వేరుపడింది వెనకాల వచ్చినవాళ్లు. ఆ తరవాత ఇంగ్లండు పల్లెల్లో రెండు గుళ్లు మామూలైపోయాయి. గోపురం, గంటలు, శ్మశానం ఉన్న చర్చి భూస్వాములది. ఊరి చివర సాదా ఇటుక గోడల చాపెల్ చేతిపనులవాళ్లది, కూలీలది. ఫలానా మనిషి చర్చా, చాపెలా అని అడిగితే కులం అడిగినట్టే ఉండేదట ఒకప్పుడు. ఇప్పుడు చాలా చాపెళ్లు ఇళ్లయిపోయాయి. పై కిటికీకి పరదా, గుమ్మం ముందు కారు.

ఇంగ్లిష్ చర్చి కోసం మెదక్ దాకా ఎందుకు, బొల్లారం పోతే సరిపోదా అనొచ్చు ఎవరైనా. నిజమే, బొల్లారం హోలీ ట్రినిటీ 1847 నాటిది, విక్టోరియా రాణి సొమ్మిచ్చి కట్టించింది. 1983 నవంబర్ 20న ఎలిజబెత్ రాణి, ఫిలిప్ తమ పెళ్లిరోజున అక్కడే ప్రార్థనకు కూర్చున్నారు. కానీ అది దండు గుడి, తెల్ల సిపాయిల కోసం కట్టింది. పల్లె జనం అందులోకి పోయిన కథ లేదు.

మెట్రోలో ఎంజీబీఎస్, అక్కడ మారి జేబీఎస్, అక్కణ్ణుంచి మెదక్ బస్సు. 2022 నుంచి కాచిగూడ-మెదక్ రైలు కూడా ఉంది, అక్కన్నపేట దగ్గర చీలి వెళ్లే కొత్త లైను. సారుకు మాత్రం నర్సాపూర్ అడవి మీదుగా పోయే బస్సే ఇష్టం. బాలానగర్ ఫ్యాక్టరీలు, దుండిగల్ దాటాక గాలి మారుతుంది. నర్సాపూర్ దగ్గర కోతులు రోడ్డుకు రెండు పక్కలా కూర్చుని బస్సుల్ని లెక్కపెడుతుంటాయి. కౌడిపల్లి దాటాక వరి మళ్లు. కోతలైపోయి కొయ్యకాళ్లు మిగిలాయి, రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా డ్రైవరు వాటి మీద టైరు పడకుండా తప్పించుకుంటూ పోయాడు. ఊరు ఇంకా చాలా దూరం ఉండగానే చెట్ల పైన గోపురం కొస కనిపిస్తుంది.

"గదే," అన్నారు సారు. రిటైరయ్యాక కూడా ఆ గొంతులో బడిపిల్లవాడి ఉబలాటం.

గోపురం ఎత్తు 175 అడుగులు. దీని మీద మెదక్‌లో ఒక కథ చెప్పుకుంటారు. చార్మినార్ కంటే ఎత్తు లేస్తోందని నిజాం ఆపమన్నాడని, రాయి దొరక్కుండా చేశాడని. సారు సాంఘికశాస్త్రం మనిషి గనక కథను కథగానే చెప్పి నవ్వేశారు. మొత్తం కట్టడం శిలువ ఆకారంలో, పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, అంతా బూడిదరంగు రాయి. నమూనా గీసింది లాంకషైర్‌లో బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్. 1895లో సికింద్రాబాద్ వచ్చి తిరుమలగిరి దండులో సిపాయిలకు ప్రసంగాలు చెప్పేవాడు. ఆ పని రుచించక పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. తోబుట్టువు ఎమిలీ కూడా వచ్చి ఆడవాళ్ల మధ్య పనిచేసింది. అక్కడివాళ్లకు ఆయన పోస్నెట్ దొర. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం, 1918 నాటి కరువు, దాని వెంటే వచ్చిన విషజ్వరాలు. కూలి కింద తిండి పెట్టి వేల మందికి పని చూపించాడని ఆ ప్రాంతంలో ఇంటింటా చెబుతారు. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు. 2024లో నూరేళ్లు నిండాయి.

చెప్పులు బయటే విడవాలి. ఇంగ్లండులో బూట్లతోనే లోపలికి నడుస్తారు, ఇక్కడ ఆ మాట ఎవరికీ తోచనైనా తోచదు. పాదాల కింద నేల చల్లగా తగులుతుంది. ఆరు రంగుల పలకలు, ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించి ఇటలీ పనివాళ్లతో పరిపించారు. నూరేళ్లలో కొన్ని లక్షల వట్టి కాళ్లు తొక్కిన నేల అది. వేదిక వైపు పోయే దారిలో పలకల మీది మెరుపు పలచబడింది, స్తంభాల వెనక మూలల్లో కొత్తదానిలాగే ఉంది. నేను నేల చూస్తుంటే సారు తల పైకెత్తి చూపించారు. కమానుల కప్పులో శబ్దం గింగురుమనకుండా లోపల గుల్లగా ఉండే సరుకు వాడారట. ఐదు వేల మంది కూర్చున్నా ముందున్నాయన మాట వెనక వరసకు తెలుగులాగే వినపడుతుంది.

జనం వచ్చేది కిటికీల కోసం. వేదిక వెనక క్రీస్తు ఆరోహణం, రెండు రెక్కల్లో ఒక పక్క జననం, ఒక పక్క శిలువ. మూడింటికీ బొమ్మలు గీసింది ఫ్రాంక్ సాలిస్‌బరీ, ఇంగ్లండు రాజకుటుంబం రూపచిత్రాలు గీసిన చిత్రకారుడు. ఒక్కసారి వచ్చినవి కావు, ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో. అంటే శిలువ కిటికీ వచ్చేనాటికి నిజాం రాజ్యమూ లేదు, తెల్లదొరల రాజ్యమూ లేదు. బయటినుంచి చూస్తే అవి మసిబారిన గాజుపలకలు. సీసపు గీతలు తప్ప ఏమీ కనపడదు. లోపలికొచ్చి చూస్తే నీలం, ఎరుపు, బంగారు రంగు ఒక్కసారి మీద పడతాయి. సూర్యుడు దిగాక ఎన్ని బల్బులు వేసినా ఆ బొమ్మ రాదు. మధ్యాహ్నం ఎండ జరిగేకొద్దీ ఎర్రటి మరక ఒకటి నేల మీద పాకుతూ వచ్చి, బెంచీ చివర కూర్చున్న ముసలమ్మ కొంగు మీద కాసేపు ఆగి దాటిపోయింది. ఆమె కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. నుదుట బొట్టుంది. ఇక్కడ అదేమీ వింత కాదు. క్రిస్మస్‌కు వచ్చే జనంలో బొట్టున్నవాళ్లు, లేనివాళ్లు అని ఎవరూ ఏరరు. కొవ్వొత్తి వెలిగించి, అయ్యగారి చేత తల మీద చేయి వేయించుకుని, ఆవరణలో చెట్ల కింద వండుకుని తిని పోతారు. శివరాత్రికి మంజీర ఏడుపాయలుగా చీలే చోట వనదుర్గమ్మ జాతరకు ఎలా వస్తారో, డిసెంబర్ 25కు ఇక్కడికి అలాగే వస్తారు. పోస్నెట్ దొర కట్టింది మెథడిస్టు గుడి, మెతుకుసీమ దాన్ని జాతర చేసుకుంది.

ఇక్కడే నాకు ఎప్‌వర్త్ గుర్తొచ్చింది. మెథడిస్టులు గోపురాలు వద్దనుకున్నవాళ్లు. గోపురమంటే వాళ్లను బయటికి నెట్టినవాళ్ల గుర్తు. బ్రిటన్‌లో వాళ్లకు బిషప్పులు కూడా లేరు. అలాంటివాళ్లు ఇంత దూరం వచ్చి, ఇంగ్లండులో చాలా పల్లె చర్చిలకు లేనంత గోపురాన్ని ఎందుకు లేపినట్టు? నాకు తోచింది ఇది: స్వదేశంలో చిన్న గుడివాళ్లుగా బతికినవాళ్లకు పరాయి నేల మీద పెద్ద గుడివాళ్లు కావాలనిపించింది. అందులో భక్తి ఎంతో, పంతం కూడా అంతే. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) అయినప్పుడు మెదక్‌కు బిషప్ వచ్చాడు, ఈ గుడి కెథెడ్రల్ అయింది. మొదటి బిషప్ ఫ్రాంక్ విటేకర్. జాన్ వెస్లీకి ఎప్‌వర్త్‌లో వేదిక ఎక్కనివ్వని శాఖవాళ్లూ, ఆయన వెంట బయటికొచ్చిన శాఖవాళ్లూ ఇంగ్లండులో ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నారు. ఇక్కడ డెబ్బై ఎనభై ఏళ్లుగా ఒకే గుడిలో కూర్చుంటున్నారు. హైదరాబాద్ నగరంలోని సీఎస్‌ఐ చర్చిలు మెదక్ అధ్యక్ష మండలం కిందికే వస్తాయి, మన దిల్‌సుఖ్‌నగర్ వైపు మనుషులు ఆదివారం పాడే పాటకూ ఇక్కడికీ ముడి ఉంది.

డోర్నకల్ చూసినవాళ్లకు ఇంకో సందేహం వస్తుంది. ఈ దేశంలో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య. ఆయన అక్కడ కట్టించి 1939లో ప్రతిష్ఠ చేసిన కెథెడ్రల్ గుళ్ల మండపాల్ని, మసీదుల గుమ్మటాల్ని కలుపుకుని మన నేల మీద మొలిచినట్టుంటుంది. ఆ లెక్కన మెదక్ పక్కా పరాయిది. కళ్లతో చూస్తే నాకు డోర్నకల్ నచ్చుతుంది. కానీ కట్టడం ఎవరి నమూనాలో ఉంది అనేది ఒక సంగతి, అందులో ఎవరు సొంతంగా మసలుతున్నారు అనేది మరో సంగతి. సారును అడిగితే ఆయన నమూనా మాట పక్కన పెట్టారు.

"మా తాత గీ రాళ్లు మోసిండు తమ్మీ. పొద్దుందాక మోస్తే జొన్నలు కొలిచిస్తుండె. కట్టినన్ని దినాలు మోసిండు గని చర్చిల కలువలె. పోచమ్మను ఇడిచిపెట్ట అన్నడు. మా నాయిన కలిసిండు."

"తిండి కోసం కలిశారని అంటారు కదా సార్ కొందరు?"

"అంటరు. మా తాత తిండి తిన్నడు, కలువలె. మా నాయిన కలిసిన్నాడు కరువు లేకుండె. ఊరి గుళ్లె మమ్ముల గడప దాటనియ్యకపోతుండ్రి. గిక్కడ ముంగటి వరుసల కూసోబెట్టిండ్రు. గంతే ముచ్చట."

వెస్లీకి తలుపు మూసుకుంది ఒక్క వేదిక మీదికి. ఆయన ఆక్స్‌ఫర్డు చదువు, పాదిరీ హోదా ఎటూ పోలేదు. సారు వాళ్ల తాతకు మూసుకున్నది గుడి గడప, చేదబావి, బడి అన్నీ. రెంటినీ ఒక గాటన కట్టలేం. అయినా మొదటి బాధ ఎలాంటిదో తెలిసినవాళ్ల వారసులు రెండో బాధ ఉన్నచోటికి వచ్చారన్నది కాదనలేని మాట.

మెదక్ కోట గురించి ఒక్క ముక్క. కాకతీయుల నాటిదంటారు, గుట్టెక్కితే ఊరంతా, చెరువులంతా కనిపిస్తాయి, లోపల కుతుబ్‌షాహీల నాటి మసీదు ఉంది. ఎండలో ఎక్కాను, దిగాను. ఆ రోజు మనసు గోపురం దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు ఆదివారం సారు వాళ్ల ఊరు. మెదక్ నుంచి ఆటోలో అరగంట. ఊరి బురుజు, హనుమాన్ గుడి దాటి, కాలవ పక్కగా పోతే పేట. అక్కడ స్లాబు వేసిన ఒక గది, ముందు రేకుల పందిరి, పక్కన వేపచెట్టు, చెట్టు కొమ్మకు తీగతో కట్టిన రైలు పట్టా ముక్క. అదే గంట. ఒక పిల్లవాడు ఇనుప బోల్టుతో కొడితే ఊరి అవతలి చేలదాకా వినపడింది. ఇంగ్లండులో ఆరేసి, ఎనిమిదేసి గంటలకు తాళ్లు కట్టి, లెక్కల ప్రకారం వరసలు మార్చి గంటల తరబడి మోగించడం ఒక విద్య. అది నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ పిల్లవాడు మూడు దెబ్బల్లో పని ముగించి తమ్ముడితో కొట్లాటకు పోయాడు.

ఆ రోజు కోత పండుగ. ఈ పండుగ పుట్టిల్లు కూడా ఒక ఇంగ్లండు పల్లెటూరే. 1843లో కార్న్‌వాల్‌లో మార్వెన్‌స్టో అనే సముద్రపు ఒడ్డు ఊరి పాదిరీ రాబర్ట్ స్టీఫెన్ హాకర్, పంట చేతికొచ్చాక అందరూ చర్చికి వచ్చి దేవుడికి చెప్పుకుందాం అని జనాన్ని పిలిచాడు. అది దేశమంతా పాకింది, మిషనరీల వెంట ఓడలెక్కింది. అక్కడ ఇప్పుడు జనం డబ్బాల్లో సరుకు తెచ్చి పెడతారు, ఆ తరవాత అది పేదలకు పంచే కేంద్రాలకు పోతుంది. ఇక్కడ సరుకు బతికే వస్తుంది. బలిపీఠం ముందు వరి కంకుల కట్టలు, మక్క కంకులు, రెండు గుమ్మడికాయలు, సంచిలో పసుపు, గంపలో సకినాలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పుంజు తన ప్రార్థన తాను చేసుకుంది. పాటకు హార్మోనియం, డోలక్, రెండో చరణం నుంచి డప్పు. జాన్ తమ్ముడు చార్లెస్ వెస్లీ కూడా ఎప్‌వర్త్‌లోనే పుట్టాడు, ఆరు వేలకు పైగా కీర్తనలు రాశాడు. వాటి తెలుగు అనువాదాలు పట్నపు చర్చిల్లో ఆర్గన్ మీద వినపడతాయి. పేటలో మాత్రం తెలుగులోనే రాసిన పురుషోత్తమ చౌదరి కీర్తనలదే పైచేయి. తాళం పడితే ముసలివాళ్లకు పుస్తకం అక్కర్లేదు.

ఆరాధన అయ్యాక వేలంపాట. సంఘపెద్ద పందిరి కింద నిలబడి గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని "యాభై" అన్నాడు. మనకు బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం అలవాటే. ఎల్బీనగర్ అవతలున్న ఆ ఊళ్లో 1994లో 450 రూపాయలకు మొదలైన పాట ఇప్పుడు లక్షల్లో పాడుతున్నారు. పేటలో లక్షలు లేవు కానీ పంతం అంతే ఉంది. గుమ్మడికాయ మూడు వందల నలభైకి పోయింది. తరవాత ఒక కోడిగుడ్డు వచ్చింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కుర్రాడు దాన్ని ఐదు వందలకు పాడి, డబ్బు కట్టి, గుడ్డును తిరిగి సంఘపెద్ద చేతికే ఇచ్చాడు. మళ్లీ పాట. ఈసారి అతని మేనమామ నాలుగు వందలకు పాడి మళ్లీ వెనక్కి ఇచ్చాడు. అలా ఒక్క గుడ్డు చర్చికి రెండు వేలకు పైగా సంపాదించి పెట్టి, చివరికి ఒక ముసలమ్మకు ఇరవై రూపాయలకు దక్కింది. ఆమె పాడుతుంటే ఎవరూ పోటీకి రాలేదు, సంఘపెద్ద ఒకటోసారి, రెండోసారి అనకుండానే చేతిలో పెట్టేశాడు. పుంజును సారు పాడుకున్నారు. ధర చెప్పొద్దన్నారు, ఇంట్లో తెలిస్తే బాగుండదట.

బయల్దేరే ముందు అయ్యగారిని అడిగాను, ఇక్కడ పనిచేసిన పాస్టర్ల పేర్లు, సంఘంలో కలిసిన మొదటి కుటుంబాల పేర్లు ఎక్కడైనా రాసిపెట్టారా అని. బాప్తిస్మం, పెళ్లి, మరణం రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయన్నారు. తీసి చూపించారు కూడా. పాతది ఒకటి చెదలు కొరికి అంచులు పోయాయి. పేర్లన్నీ సిరాతో, వంకర గీతల తెలుగులో ఉన్నాయి. కులం పేరు రాసే గడి ఉన్న పుట ఒకటి, ఆ గడి కొట్టేసిన పుటలు తరవాతవి. సారు తన తండ్రి పేరు వెతికి పట్టుకున్నారు. దాని కింద తాత పేరు ఉండదని ఆయనకు తెలుసు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మెదక్‌లోనూ ఎక్కడా కనపడలేదు.

ఇంగ్లండువాళ్ల దగ్గర మనం నేర్చుకోదగ్గ అలవాటు ఏదన్నా ఉందంటే ఈ రాసిపెట్టుకోవడమే. గుడి ఏదైనా కానీండి, చర్చి, మసీదు, పోచమ్మ గుడి, మన ఫణిగిరి గుట్ట. ఎవరు కట్టారు, ఎవరు మోశారు, ఎవరిని ఎప్పటిదాకా లోపలికి రానివ్వలేదు, ఇవన్నీ తెలిసిన ముసలివాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని వాళ్ల దగ్గర కూర్చోండి.

మెదక్ వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. కిటికీలు చూడాలంటే క్రిస్మస్ రద్దీలో పోకండి, మామూలు రోజున ఎండ ఉండగా చేరుకోండి. పల్లె చూడాలంటే కోతలు అయ్యాక వచ్చే ఆదివారాల్లో పండుగ ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి. జేబులో చిల్లర ఉంచుకోండి, గుడ్డు మాత్రం పాడకండి, ఆ ముసలమ్మకే వదిలెయ్యండి.